పర్లాకిమిడి బడిపంతులు

శ్రీకాకుళం సీమలో వంశధార నది ఒడ్డున శ్రీముఖలింగం అనే ప్రాచీన క్షేత్రం ఉంది. దానికి సమీపంలో పర్వతాలపేట ఒక చిన్న గ్రామం. ఆ గ్రామంలో 1863 ఆగస్టు 29వ తేదీన వీర్రాజు, వెంకమ్మ దంపతులకు జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి వాడుకభాషా ఉద్యమానికి పితామహుడుగా తెలుగునాట ప్రసిద్ధి పొందారు. ఆ ప్రసిద్ధి ఎంత గొప్పదంటే, దాని నీడలో ఆయన జీవితంలోని ఒక ముఖ్యమైన అంశం కొంత మరుగునపడిపోయింది. రామమూర్తి మొదట బడిపంతులు. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పి జీవించిన మనిషి. భాషను గురించి ఆయన చేసిన వాదమంతా సాహిత్య సభలలో కంటె ముందు తరగతి గదిలో పుట్టింది. ఎదురుగా కూర్చున్న పిల్లవానికి తాను చెప్పేది అర్థమవుతున్నదా అనే ఒక్క సందేహం ఆయనను జీవితాంతం వెంటాడింది.

ఆ కాలంలో పర్వతాలపేట మద్రాసు రాజధానికి చెందిన గంజాం జిల్లాలో ఉండేది. తండ్రి రెవెన్యూశాఖ ఉద్యోగి. ఆయన చోడవరానికి బదిలీ అయి, అక్కడ విషజ్వరం సోకి 1875లో మరణించారు. పన్నెండేళ్ల ప్రాయంలో తండ్రిని కోల్పోయిన రామమూర్తి బంధువుల ఆశ్రయంతో విజయనగరంలోని మహారాజావారి ఆంగ్ల పాఠశాలలో చదువు సాగించారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. ఒకే తరగతిలో మొలకెత్తిన ఆ స్నేహం మూడు దశాబ్దాల తరువాత తెలుగు బడుల స్వరూపాన్నే ప్రశ్నించగలదని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు. రామమూర్తి 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. ఇంటి బరువు భుజాల మీద పడినందువల్ల పైచదువులకు పోకుండా, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు. ఫస్టుఫారం విద్యార్థులకు చరిత్ర బోధించడం ఆయన పని.

ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఎ. పరీక్షను, ఆ తరువాత పదేళ్ల లోపున బి.ఎ. పరీక్షను పూర్తిచేశారు. చరిత్ర ఆయనకు ప్రీతిపాత్రమైన విషయం. తాను పుట్టిన ఊరికి చేరువలోనే ఉన్న ముఖలింగం గుడిలోని శాసనాలను చదవాలనే కోరికతో ప్రాచీన లిపులను స్వయంగా నేర్చుకొన్నారు. గురువు లేకుండా, కేవలం పుస్తకాల సహాయంతో నేర్చుకొన్న ఆ విద్యతో శాసనాలను పరిశీలించి, కళింగ రాజుల నగరం ముఖలింగమేనని ప్రతిపాదించారు. తెలియని అక్షరం ముందు ఓపికతో కూర్చోవడం ఆయనకు అలా అలవడింది. ఆ ఓపికే తరువాత మరింత కష్టమైన పనికి అక్కరకు వచ్చింది.

పర్లాకిమిడి పట్టణాన్ని ఆనుకొని కొండలు, అడవులు ఉన్నాయి. ఆ కొండలలో సవరలు నివసిస్తారు. పోడు వ్యవసాయం వారి జీవనాధారం. అడవిలో దొరికే సరకును సంతలకు తెచ్చి అమ్ముకొని, ఉప్పు, బట్ట వంటివి కొనుక్కొని తిరిగి కొండ ఎక్కేవారు. సంతలో వర్తకుడు మాట్లాడేది తెలుగు లేక ఒడియా. కచేరీలో రాతకోతలు ఆ భాషలలోనో ఇంగ్లీషులోనో జరిగేవి. తన మీద ఏమి రాశారో, తాను దేని మీద వేలిముద్ర వేశాడో తెలియని స్థితిలో సవర ఉండేవాడు. మధ్యవర్తి ఏది చెబితే అదే అతనికి న్యాయం, అదే అతనికి లెక్క. వీధిలో ప్రతిదినం కనిపించే ఈ దృశ్యం పట్టణంలోని పెద్దలకు వింతగా తోచలేదు. చరిత్ర పాఠాలు చెప్పే పంతులుగారికి మాత్రం అది మనసులో ముల్లై గుచ్చుకొంది. వీరికి చదువు చెప్పాలని ఆయన సంకల్పించారు.

చదువు చెప్పాలని సంకల్పించినవారు సాధారణంగా ఒక బడి పెట్టి, తమకు తెలిసిన భాషలో అక్షరాలు దిద్దించడం మొదలుపెడతారు. రామమూర్తి ఆలోచన అందుకు భిన్నంగా సాగింది. సవర భాషకూ తెలుగుకూ చుట్టరికం లేదు. తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందినది. ఒడియా ఆర్య కుటుంబానిది. సవర ఈ రెండింటికీ దూరమైన ముండా కుటుంబంలోని భాష. సంతాలీ, ముండారీ వంటివి దానికి తోబుట్టువులు. అటువంటి భాష మాట్లాడే పిల్లవానిని తెలుగు బడిలో కూర్చోబెడితే, ఇంటి వద్ద గలగల మాట్లాడే ఆ పిల్లవాడు బడిలో అడుగుపెట్టిన క్షణంలోనే మూగవాడవుతాడు. ఉపాధ్యాయుడు అతనిని మందబుద్ధి అనుకొంటాడు. కొంతకాలానికి పిల్లవాడు కూడా ఆ మాటను నమ్ముతాడు.

సవరలు లెక్కపెట్టే తీరును చూస్తే ఈ చిక్కు ఎంత లోతైనదో తెలుస్తుంది. మనం పది తరువాత పదకొండు, పన్నెండు అని పదుల మీద లెక్క సాగిస్తాము. సవర భాషలో పన్నెండు వరకు వేరువేరు పేర్లు ఉన్నాయి. ఆ తరువాత వచ్చే సంఖ్యను పన్నెండు మీద ఒకటి అంటారు. అట్లా పంతొమ్మిది దాకా పోయి, తరువాత ఇరవైల మీద లెక్క నడుస్తుంది. ముప్పై మూడు అంటే వారి లెక్కలో ఇరవై, దాని మీద పన్నెండు, దాని మీద ఒకటి. ఇది తక్కువ రకం లెక్క కాదు. మరొక రకం లెక్క. ఈ లెక్కతో పెరిగిన పిల్లవానికి పదుల గణితాన్ని నేరుగా తెలుగులో చెబితే తెలియని భాష, తెలియని పద్ధతి రెండూ ఒక్కసారిగా మీద పడతాయి. అతని భాషలో మొదలుపెడితే కొత్తది ఒక్కటే అవుతుంది.

కనుక ముందు పంతులుగారే విద్యార్థి కావలసి వచ్చింది. సవర నేర్పే పుస్తకం లేదు, నిఘంటువు లేదు, ఆ భాషకు లిపి కూడా లేదు. సవర, తెలుగు రెండూ తెలిసిన ఒక సవర వ్యక్తిని తన ఇంటిలోనే ఉంచుకొని రామమూర్తి ఆ భాష నేర్చుకొన్నారు. వర్ణవ్యవస్థ పట్టింపులు బలంగా ఉన్న ఆ రోజులలో, ఒక బ్రాహ్మణ ఉపాధ్యాయుని ఇంట కొండజాతి మనిషి భాషాగురువుగా నివసించడం చిన్న విషయం కాదు. పగలు బడిలో పాఠాలు చెప్పి, మిగిలిన వేళలలో ఆయన మాటలు సేకరించి, విన్నదాన్ని రాసుకొని, రాసుకొన్నదాన్ని తిరిగి పలికి సరిచూసుకొనేవారు. కొన్నేళ్ల కృషి తరువాత సవరలతో వారి భాషలో ధారాళంగా సంభాషించగలిగారు.

ఆ భాష పట్టుబడటం సులభం కాదు. కొన్ని పదాల చివర హల్లును పూర్తిగా పలకకుండా గొంతులోనే ఆపివేస్తారు. తెలుగు అక్షరమాలలో దానికి గుర్తు లేదు. వాక్యంలో విడిగా ఉండవలసిన కర్మపదం ఒక్కొక్కసారి క్రియలోనే కలిసిపోయి, వాక్యమంతా ఒకే మాటగా వినిపిస్తుంది. సంస్కృత వ్యాకరణ సూత్రాలతో గాని తెలుగు వ్యాకరణ సూత్రాలతో గాని దీనిని కొలవడానికి వీలులేదు. అందుకని రామమూర్తి యూరపులో అప్పుడప్పుడే ఎదుగుతున్న భాషాశాస్త్ర గ్రంథాలను తెప్పించుకొని చదివారు. భాష ఎలా ఉండాలని శాసించడం కాక, ప్రజల నోట ఎలా ఉందో వివరించడమే వ్యాకరణం చేయవలసిన పని అని ఆయనకు నేర్పినది పండిత పరిషత్తు కాదు. ఆ పాఠం ఆయనకు సవర భాష నేర్పింది. తరువాతి కాలంలో తెలుగు పండితులను కలవరపెట్టిన సిద్ధాంతానికి వేళ్లు ఈ కొండలలోనే ఉన్నాయి.

సవర వచ్చిన తరువాత బడులు పెట్టారు. అందుకు పుస్తకాలు తానే రాశారు. ఉపాధ్యాయులకు జీతాలు తన సొంత డబ్బుతో చెల్లించారు. వాచకాలను సవర భాషలోనే, తెలుగు లిపిలో కూర్చారు. పిల్లవాడు చదివే మొదటి మాట అతనికి ముందే తెలిసిన మాట కావాలి. అప్పుడు అతడు నేర్చుకోవలసినది అక్షరం ఒక్కటే. నేడు మనకు ఇది సామాన్యమైన విషయంగా తోచవచ్చును. కాని కొండజాతి భాషను భాషగా లెక్కించడానికే చదువుకొన్నవారు సిద్ధంగా లేని రోజులవి. సవరలు పాడుకొనే పాటలను కూడా ఆయన సేకరించారు. సవర-తెలుగు, తెలుగు-సవర పదకోశాలను కూర్చారు. ఈ పుస్తకాలలో కొన్నింటిని 1910లలో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది.

ఈ పనికి ఆయన చెల్లించిన మూల్యం డబ్బు మాత్రమే కాదు. కొండ ప్రాంతాలు మలేరియాకు నెలవులు. పలుమార్లు జ్వరాల పాలై, విరుగుడుగా క్వినైన్ విపరీతంగా వాడటం వల్ల ఆయన వినికిడి శక్తి దెబ్బతిన్నది. చెవులే సాధనంగా ఒక భాషను నేర్చుకొన్న మనిషి ఆ భాష కోసమే చెవులను పోగొట్టుకొన్నారు. అయినా సవర పనిని ఆయన విడిచిపెట్టలేదు. కుమారుడు గిడుగు సీతాపతి పెద్దవారై ఈ కృషిలో తండ్రికి తోడ్పడ్డారు.

ఒక ఉపాధ్యాయుని జీతం ఎన్ని బడులను పోషించగలదు? సర్కారు పూనుకోవలసిన పనిని ఒక కుటుంబం మోయడానికి ప్రయత్నించింది. ప్రభుత్వం 1913లో ఆయనకు రావుబహద్దూరు బిరుదును ఇచ్చి గౌరవించింది. బిరుదు ఇవ్వడం సులభం. సవర పిల్లలందరికీ సవరలో చదువు చెప్పే ఏర్పాటు చేయడం కష్టం. ప్రభుత్వం సులభమైనదానినే ముందు చేసింది.

రామమూర్తి దృష్టి తెలుగు బడుల వైపు మళ్లడానికి ఒక ఆంగ్లేయుడు నిమిత్తమయ్యాడు. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే విద్యాధికారి ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. ఆయన తెలుగు నేర్చుకొని, బడులకు వెళ్లి పాఠాలు వినేవాడు. తరగతిలో తెలుగు పండితుడు చదివించే భాష ఒకటి, అదే పండితుడు పిల్లలతో మాట్లాడే భాష మరొకటి కావడం ఆయనకు అంతుపట్టలేదు. తెలుగు జీవద్భాషా, లేక గ్రీకు, లాటిన్ల వలె గతించిన భాషా అని ఆయనకు సందేహం కలిగింది. విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని విచారించగా, ఈ విషయంలో సమాధానం చెప్పగలవారు గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి అని ఆయన సూచించారు. అలా విజయనగరం నాటి ఇద్దరు సహాధ్యాయులు, ఒక కళాశాల అధిపతి, ఒక ఇన్‌స్పెక్టరు ఒకచోటికి చేరారు.

ఆనాటి తెలుగు తరగతి ఎట్లా ఉండేదో కొంత చెప్పుకోవాలి. పిల్లవాడు ఇంటివద్ద వస్తున్నాడు అంటాడు. బడిలో వచ్చుచున్నాఁడు అని రాయాలి. ఎవరి నోటా పలకని అరసున్న ఏ మాటలో ఎక్కడ ఉండాలో కంఠస్థం చేయాలి. వాడు కొట్టాడు అని వీధిలో ఫిర్యాదు చేసే పిల్లవాడు, బడిలో వాఁడు గొట్టె అని ఎందుకు అనాలో సూత్రంతో సహా అప్పజెప్పాలి. చిన్నయసూరి నీతిచంద్రిక వచనానికి పరమప్రమాణం. ఆ వచనం సొగసైనది కాదని ఎవరూ అనలేరు. అయితే ఒక మహాపండితుడు ఏళ్ల సాధనతో నిర్మించుకొన్న శైలిని పదేళ్ల పిల్లవాడు తన కలంతో రాయాలనడం, ఈతరానివానిని వరద గోదావరిలో దించడం వంటిది. ఫలితంగా పిల్లలు సొంతంగా ఒక వాక్యం రాయడానికి భయపడేవారు. తాను చూసినదీ అనుకొన్నదీ రాయడం మాని, తప్పు లేకుండా రాయగల నాలుగు పడికట్టు మాటలనే తిరగవేసి రాసేవారు. అప్పుడు వ్యాసరచన ఆలోచనకు పరీక్ష కాక, అరసున్నలకు పరీక్షగా మిగిలింది.

సవర కొండలలో చూసిన దృశ్యమే తెలుగు బడులలో కూడా ఉన్నదని రామమూర్తి గుర్తించారు. సవర పిల్లవాడు తెలుగు బడిలో మూగవాడైనట్లే, తెలుగు పిల్లవాడు తెలుగు బడిలో మూగవాడవుతున్నాడు. మొదటివానికి పరాయి భాష అడ్డు. రెండవవానికి తన భాషే పరాయి వేషం వేసుకొని అడ్డు నిలిచింది. అంతకుముందు కొన్నేళ్లుగా పర్లాకిమిడిలో చేస్తున్న పనికీ, ఇప్పుడు చేయవలసిన పనికీ తేడా లేదని ఆయన నిశ్చయించుకొన్నారు.

ఉపాధ్యాయ వృత్తిలో ముప్పై ఏళ్లు నిండి 1911లో పదవీవిరమణ చేసినప్పుడు ఆయన వయస్సు నలభై ఎనిమిదేళ్లు. విశ్రాంతికి బదులు పోరాటం మొదలయింది. గ్రాంథిక భాషను రక్షించడానికి పండితులు అదే ఏడాది ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించారు. జయంతి రామయ్య పంతులు దానికి ప్రాణం వంటివారు. వేదం వేంకటరాయ శాస్త్రి వంటి ఉద్దండులు గ్రాంథిక పక్షాన నిలిచారు. తన ప్రతాపరుద్రీయ నాటకంలో సామాన్య పాత్రలకు సామాన్యుల భాషనే వాడిన శాస్త్రిగారు బడిలో మాత్రం ఆ భాషకు చోటు లేదనడం ఆ వివాదంలోని వింతలలో ఒకటి.

గ్రాంథికవాదుల వాదంలో బలం లేకపోలేదు. వాడుకభాష జిల్లాకొక రీతిగా, కులానికొక రీతిగా ఉంటుంది; దేనిని ప్రమాణంగా తీసుకోవాలి? ప్రాచీన భాషను బడిలో రాయించకపోతే రేపటి తరం భారతాన్నీ, భాగవతాన్నీ చదువుకోగలదా? ఈ ప్రశ్నలు నిజమైనవి. రామమూర్తి వీటిని తోసిపుచ్చలేదు. ఏ పల్లెమాటనైనా యథాతథంగా పుస్తకాలలో పెట్టమని ఆయన కోరలేదు. చదువుకొన్నవారు అన్ని జిల్లాలలోనూ పరస్పరం మాట్లాడుకొనేటప్పుడు, ఉత్తరాలు రాసుకొనేటప్పుడు వాడే శిష్టవ్యావహారికం అప్పటికే రూపొందిందని, దానినే రచనకు ప్రమాణం చేసుకోవచ్చునని ఆయన వాదించారు. ప్రాచీన కావ్యాలను చదివి ఆనందించడం వేరు, ఆ భాషలో రాయవలసి రావడం వేరు. ఇంగ్లీషు పిల్లలు తమ ప్రాచీన కవులను చదువుకొంటారు గాని, ఆ కవుల భాషలో వ్యాసాలు రాయరు కదా.

ఆయన వాదించిన పద్ధతి కూడా ఉపాధ్యాయుని పద్ధతే. ఊహలతో పని లేదు. ఎదుట ఉదాహరణ ఉండాలి. తాళపత్రాలు, శాసనాలు, పాత వచన గ్రంథాలు, వ్యాఖ్యానాలు, దస్తావేజులు వెదకి, పూర్వులు వచనంలో వాడుకరూపాలను స్వేచ్ఛగా ప్రయోగించారని ఆధారాలతో చూపారు. ఆ సేకరణ గద్యచింతామణి అనే గ్రంథమయింది. అంతటితో ఆగక, గ్రాంథికమే రాయాలని పట్టుబట్టే పండితుల రచనలను చేతబట్టుకొని, వారు ప్రమాణంగా చెప్పే వ్యాకరణం ప్రకారమే వాటిలో ఎన్ని దోషాలున్నాయో పుట పుటకూ లెక్కగట్టారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అనే పుస్తకం పేరులోనే ఎత్తిపొడుపు ఉంది. ఆయన మాటలో పదును ఎక్కువే. దానివల్ల కొందరు అనవసరంగా దూరమయ్యారని కూడా చెప్పవచ్చును. అయితే ఆ దోషాల పట్టిక వెనుక ఒక పిల్లవాని పక్షం ఉంది. జీవితమంతా అభ్యసించిన పండితులే తప్పులు లేకుండా రాయలేని భాషలో రాయలేదని, బడిపిల్లవానికి మార్కులు తగ్గించడం ఏమి న్యాయం?

పోరాటం చివరకు పరీక్షల చుట్టూ తిరిగింది. పరీక్షలో ఏది చెల్లుతుందో అదే బడిలో బోధన అవుతుందని ఉపాధ్యాయులకు తెలుసు. 1912లో స్కూలు ఫైనలు విద్యార్థులు తెలుగు వ్యాసాన్ని కావ్యభాషలో గాని, ఆధునిక భాషలో గాని రాయవచ్చుననే వెసులుబాటు లభించింది. అది పెద్ద విజయమే. రామమూర్తి 1913లో ఆధునిక తెలుగును గురించిన విజ్ఞాపన పత్రాన్ని ఇంగ్లీషులో ప్రకటించి, అధికారుల ముందు తన పక్షాన్ని విపులంగా ఉంచారు. పండితులు ఊరుకోలేదు. సభలు జరిగాయి, పత్రికలలో వాదోపవాదాలు చెలరేగాయి, ప్రభుత్వానికి అర్జీలు వెళ్లాయి. వాడుకభాష వస్తే తెలుగు నశిస్తుందని భయపెట్టారు. మద్రాసు విశ్వవిద్యాలయం నియమించిన సంఘంలో గ్రాంథికవాదులదే పైచేయి అయింది. సభ్యులైన గురజాడ తన భిన్నాభిప్రాయాన్ని 1914లో సుదీర్ఘమైన పత్రంగా రాసి సమర్పించారు. అయినా 1915 నాటికి వెసులుబాటు తొలగిపోయింది. బడిపిల్లలకు మళ్లీ అరసున్నలే గతి అయ్యాయి. అదే ఏడాది నవంబరు 30న గురజాడ కన్నుమూశారు.

ఓటమి, మిత్రవియోగం రెండూ ఒకే ఏడాది వచ్చి పడ్డాయి. వయస్సు ఏబది దాటింది; చెవులు సరిగా వినిపించవు. రామమూర్తి పుస్తకాల మూటలతో ఊరూరా తిరగడం మొదలుపెట్టారు. ఏ సభలో అవకాశం దొరికినా గంటల తరబడి ఉదాహరణలు చదివి వినిపించేవారు. ఎదుటివారు ఆక్షేపిస్తే, మూట విప్పి పుస్తకం తీసి పుట చూపేవారు. అధికారులను ఒప్పించడం కంటె చదువరులను ఒప్పించడం మేలని ఆయన గ్రహించినట్లు కనిపిస్తుంది. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం దానికి అధ్యక్షులు. జీవితంలో అధికభాగం గ్రాంథికంలోనే రచనలు చేసిన ఆ పెద్దమనిషి చివరి దశలో ఈ పక్షానికి రావడం ఉద్యమానికి కొండంత బలాన్నిచ్చింది. కాని అదే ఏడాది మే నెలలో ఆయన మరణించారు. రామమూర్తి తెలుగు అనే మాసపత్రికను ప్రారంభించారు. అది ఒక ఏడాది మాత్రమే నడిచింది. అప్పటికి మాటలు నాటుకొన్నాయి. యువ రచయితలు కథలు, నవలలు, వ్యాసాలు వాడుకభాషలో రాయసాగారు. పత్రికలు ఒక్కొక్కటిగా అటు మొగ్గాయి. గెలుపు బడి బయట మొదలయింది.

ఈ కలకలం నడుమ సవర పని ఆగలేదు. ముప్పై ఐదేళ్ల పరిశ్రమ ఫలితంగా సవర భాషా వ్యాకరణం 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ మద్రాసు ప్రభుత్వం ద్వారా వెలువడ్డాయి. ముండా భాషలను పరిశోధించేవారికి అవి ఆధార గ్రంథాలయ్యాయి. తెలుగువారు ఆయనను వాడుకభాష గిడుగుగా తలచుకొంటే, ప్రపంచ భాషాశాస్త్రజ్ఞులు సవర వ్యాకరణకర్తగా గుర్తుంచుకొన్నారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1938లో కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది.

అంతకు రెండేళ్ల ముందు ఆయన జీవితంలో ఒక గట్టి దెబ్బ తగిలింది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగువారు పెక్కుమంది ఉన్న ఆ ప్రాంతాన్ని అటు కలపడాన్ని రామమూర్తి తీవ్రంగా వ్యతిరేకించారు. నిర్ణయం మారలేదు. ఏబదియైదేళ్లకు పైగా నివసించిన ఊరిని, తాను పాఠాలు చెప్పిన బడిని, సవర కొండలను విడిచి ఆయన రాజమహేంద్రవరం చేరుకొన్నారు. డెబ్బై మూడో ఏట ఇల్లు మారడం ఎవరికైనా కష్టమే. నేడు పర్లాకిమిడి ఒడిశాలోని గజపతి జిల్లాకు కేంద్రం.

1940 జనవరి 15వ తేదీన మద్రాసులో ప్రజామిత్ర పత్రిక కార్యాలయంలో ఆయన పత్రికా సంపాదకుల ముందు మాట్లాడారు. పత్రికలు వాడుకభాషను ఆదరిస్తున్నందుకు సంతోషించారు. విద్యాశాఖ మాత్రం పాఠ్యపుస్తకాలలో గ్రాంథికాన్నే పట్టుకొని ఉన్నందుకు బాధపడ్డారు. స్వరాజ్యమూ ప్రజాప్రభుత్వమూ కావాలని కోరే ప్రజలకు అర్థంకాని భాషలో జ్ఞానాన్ని అందించడంలో గల అసంగతిని ఎత్తిచూపారు. నవలలూ నాటకాలూ వాడుకభాషలోకి వచ్చినా ఆయనకు తృప్తి కలుగలేదు. ఆయన అడిగినది బడిని గురించి. బడి ఇంకా మారలేదు. తరువాత వారం రోజులకు, జనవరి 22వ తేదీన ఆయన కన్నుమూశారు.

బడి మారడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. 1968లో తెలుగు అకాడమి స్థాపించబడి, ఇంటర్మీడియట్, డిగ్రీ తరగతులకు వివిధ శాస్త్రాల పాఠ్యపుస్తకాలను తెలుగులో ప్రచురించింది. ఆ పుస్తకాల భాష శిష్టవ్యావహారికం. భౌతికశాస్త్రాన్నో అర్థశాస్త్రాన్నో తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి వాక్యం వాక్యానికీ ప్రతిపదార్థం చెప్పే పండితుని అవసరం కలుగలేదు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవమయింది.

సవర బడుల కథ మాత్రం మరింత ఆలస్యంగా ముందుకు సాగింది. 2000ల దశకం తొలి సంవత్సరాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయ, గోండి, కొలామి, కువి వంటి ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక విద్యను ప్రారంభించింది. ఆ ఎనిమిదింటిలో సవర ఒకటి. వాచకాలు తయారుచేయడంలో ఆ భాషలు మాట్లాడే ఉపాధ్యాయులు పాల్గొన్నారు. శ్రీకాకుళం మన్యంలోని సవర పిల్లలు ఒకటవ తరగతిలో తమ ఇంటి మాటలనే, తెలుగు లిపిలో, చదవడం మొదలుపెట్టారు. పర్లాకిమిడి పంతులుగారి తొలి సవర వాచకాలు వెలువడి అప్పటికి దాదాపు తొంభై ఏళ్లు.